బోణీ కాని భావజాలం

మా కొత్తరేవులో మంచినీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వీధి దీపాలు పగలు బాగా వెలుగుతాయి. కుక్కలు మాత్రం సెలవన్నది లేకుండా పనిచేస్తాయి. ఊరు ఇలా ఎందుకుందో మాకు చాలా కాలం తెలియలేదు. కిందటి వేసవిలో తెలిసింది. మాకు భావజాలం లేదు.

ఈ సంగతి కనిపెట్టినవారు మా మునిసిపల్ కమిషనర్ గుడిమెట్ల ప్రభాకరమూర్తి గారు. ఆయన్ని ఏదో శిక్షణకని రాజధానికి పిలిచారు. అక్కడ చల్లటి గదిలో ఒక పెద్దమనిషి మైకు ముందు నిలబడి, భావజాలం లేని సంస్థ ఎక్కువకాలం బతకదని చెప్పాట్ట. మిగతా ఊళ్ల కమిషనర్లంతా అది విని భోజనాలకి లేచారు. మా కమిషనర్ గారు నమ్మారు. ఆయనతో వచ్చిన చిక్కే అది, ఏ పనీ సగంలో వదలరు. ఒకప్పుడు పైనుంచి మొక్కలు నాటమని ఆర్డరొస్తే బస్టాండు ప్లాట్‌ఫారాల మీద కూడా నాటించారు. ఇప్పటికీ కాకినాడ బస్సు ఒక వేపచెట్టుకి ప్రదక్షిణం చేసి గాని ఆగదు.

తిరిగొచ్చిన మర్నాడే మీటింగు పెట్టారు.

"మనకి రోడ్లున్నాయి. కాలవలున్నాయి. సిబ్బంది ఉన్నారు. మరి లేనిదేమిటి?" అన్నారు కమిషనర్ గారు.

"నిధులు సార్" అన్నారు ఇంజనీరు గారు.

"కాదు. భావజాలం."

ఇంజనీరు గారు కాగితం మీద రాసుకున్నారు. రాసుకుని, "అది స్టేటు స్కీమా సార్, సెంట్రల్ స్కీమా?" అని అడిగారు.

కమిషనర్ గారు ఆ ప్రశ్నకి కళ్లు మూసుకున్నారు. "దోమల్ని చూడండి. మందు కొట్టాం. పొగ పెట్టాం. పోయాయా? ఎందుకు పోలేదు? వాటికొక దృక్పథం ఉంది. మనకి లేదు" అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ గదిలో అప్పటికే చాలామంది వేరే కారణాలతో చప్పట్లు కొడుతూనే ఉన్నారు, దోమలు అలా ఉన్నాయి.

సాయంత్రానికి ఉత్తర్వు దిగింది. "కొత్తరేవు పురపాలక సంఘ పరిధిలో వ్యాపారము సాగించు ప్రతి దుకాణమునకు విధిగా ఒక భావజాలము ఉండవలెను. అట్టిది లేనిచో లైసెన్సు పునరుద్ధరింపబడదు. దుకాణము సీలు చేయబడును. ఇందు తారతమ్యము పాటింపబడదు."

నేను జననమరణాల విభాగంలో జూనియర్ అసిస్టెంటుని. నా పేరు సుందరశివరావు. మనుషులు పుట్టినప్పుడు ఒకసారి, పోయినప్పుడు ఒకసారి నా దగ్గరికి వస్తారు. మధ్యలో వాళ్లేం చేస్తారన్నది నాకు సంబంధించిన విషయం కాదు. అలాంటివాణ్ణి తీసుకొచ్చి భావజాల విభాగానికి ఇన్‌ఛార్జిని చేశారు. నేను చేసిన నేరమల్లా ఎం.ఏ. తెలుగు చదవడం.

కమిషనర్ గారు నన్ను పిలిచి, "ఆ మాటకి సరైన అర్థం ఏమిటి శివరావ్?" అన్నారు.

"అర్థం కన్నా వాడుక ముఖ్యమండి. ఎక్కువగా అవతలివాడికి ఉన్నదాన్ని తిట్టడానికి వాడతారు."

"మరి మనకున్నదాన్ని?"

"మనకున్నదాన్ని సత్యం అంటారండి."

ఆయనకి ఆ జవాబు నచ్చలేదు. ఆఫీసు పనికి పనికొచ్చే అర్థం కావాలన్నారు. అందుకని యూనివర్సిటీ నుంచి డాక్టర్ ఆవంత్స శేషశాయి గారిని రప్పించారు. ఆయన తులనాత్మక వాదాల శాఖకి ఆచార్యులు. ఆ శాఖలో ఆయన తప్ప మరొకరు లేరు, అయినా ఆయనకి ఎవరితోనో ఒకరితో విభేదాలు ఉంటూనే ఉండేవి. గెస్టుహౌసులో పులస పులుసుతో భోంచేసి, కాసేపు పడుకుని లేచి, అర్థం చెప్పారు.

"భావజాలమనగా లోకమును చూచు ఒక చూపు. ఆ చూపును బట్టి నడచు నడత. నష్టము వచ్చినను విడువని పట్టు. ఈ మూడును ఉన్నచోటనే భావజాలము కలదని చెప్పదగును" అని, ఆమోదించదగ్గ వాదాల జాబితా ఒకటి ఇచ్చి వెళ్లిపోయారు. నిజం చెప్పాలంటే ఆ అర్థం నాకు నచ్చింది. మనవాళ్లకి మొదటి రెండూ చదివే ఓపికే ఉంటుంది, మూడోది ఎవరూ చదవరు అనుకున్నాను.

ఆ వారంలో మా ఊరు చూడవలసిందే. కంట్రోలు బియ్యం కోసం కూడా అంత వరస నేను చూడలేదు. మందుల షాపువాళ్లంతా వచ్చి మానవతావాదం పట్టుకుపోయారు. జెరాక్సు కొట్టు కుర్రాళ్లు యథార్థవాదం తీసుకున్నారు. ఉన్నది ఉన్నట్టు దింపడమే కదండీ మా పని అన్నారు. బ్రాందీ షాపు సత్తిబాబు జాబితా అంతా చదివి ఆశావాదం దగ్గర ఆగిపోయాడు. తన దగ్గరికొచ్చే ప్రతివాడూ రేపట్నుంచి మానేస్తానని నమ్ముతూనే తాగుతాడని వివరించాడు. ఆటోలకి అప్పులిచ్చి, కిస్తీ తప్పితే ఆటోని లాక్కుపోయే ఫైనాన్సు లోవరాజు సామ్యవాదం కావాలన్నాడు. నేను కళ్లజోడు సవరించుకున్నాను.

"ఏం, ఎందుక్కాకూడదండీ? పెద్దోడు లేదు, చిన్నోడు లేదు, బాకీ పడ్డ పెతీవోణ్ణీ నేను ఒకలాగే సూత్తానండి" అన్నాడు.

ఇచ్చేశాను. బోర్డు మీద ఎర్ర రంగుతో రాయించుకున్నాడు.

మిగిలింది మా ఆఫీసు వెనక సందులో ఉన్న నూకరత్నం గారి టిఫిను హోటలు. హోటలంటే ఒక రేకుల పంచ, నాలుగు బల్లలు, ఒక పెద్ద ఇడ్లీ పాత్ర. ఆ పొయ్యి మీదే ఆమె ఇల్లు నడుస్తుంది. నడుం పట్టేసి బరువెత్తలేని మొగుడు అప్పలకొండ, పాలిటెక్నిక్ చదువుతున్న కూతురు, ఏ పట్టూ లేకపోయినా బరువెత్తని మరిది, అందరూ ఆ ఇడ్లీ పాత్రలోంచే తినాలి. మా ఆఫీసులో పనిచేసేవాళ్లలో ఆమె చేతి చట్నీ తినని వాడు లేడు. డబ్బులిచ్చి తిన్నవాణ్ణి మాత్రం కాస్త వెతకాలి.

నేను వెళ్లి ఉత్తర్వు సంగతి చెప్పాను.

"ఇదేదో కొత్త పన్నాండి శివరావుగారూ?" అంది నూకరత్నం గారు గరిటె ఆపకుండా.

"పన్ను కాదమ్మా, భావజాలం."

"అదేటండి? కులమాండి?"

"కాదు."

"మతమాండి?"

"మతం కాదు."

"పార్టీయాండి?"

"అసలు కాదు."

"మరి ఆ మూడూ కాకపోతే ఆఫీసోళ్లకి దాంతో ఏం పనండి?"

నేను నా ఎం.ఏ.ని పక్కన పెట్టాను. "మీరు దేన్ని నమ్ముతారో అది చెప్పండి చాలు" అన్నాను.

ఆమె ఆలోచించింది. "మినప్పప్పుని నమ్ముతానండి. అదీ కొత్తపప్పయితే నమ్మను."

"పోనీ మానవతావాదం రాసేస్తాను. బాగా పోతోంది."

"లేంది ఉందని ఎలా రాయిస్తానండి? రేపెవరో వచ్చి, ఏదీ సూపించవే అంటే ఏటి సూపించను? ఒద్దండి బాబూ. నాకేం లేదని రాసెయ్యండి."

"లేదని రాస్తే సీలు వేస్తారమ్మా."

గరిటె ఆగింది. ఆమె ముఖంలో భయం నాకు కనిపించింది. అయినా రాయించుకోలేదు. నాకు కోపం వచ్చింది. ఊరంతా వాదాల్ని ఉల్లిపాయల్లా ఏరుకుపోతుంటే ఈవిడ ఒక్కర్తికే ఎందుకింత పట్టింపు అనుకున్నాను.

ఆమెకేమీ లేదన్న మాట శానిటరీ ఇన్‌స్పెక్టరు బొడ్డు వీరభద్రం చెవిన పడింది. ఇప్పుడాయన భావజాల తనిఖీ అధికారి కూడా. పూర్వం ఈగలు లెక్కపెట్టిన శ్రద్ధతోనే ఇప్పుడు వాదాలు వెతుకుతున్నాడు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం హోటల్లోకి వెళ్లి, రెండు పెసరట్లు పరీక్షార్థం తిని, రిపోర్టు చెప్పడం మొదలెట్టాడు.

"అడక్కుండానే రెండోసారి చట్నీ వేస్తున్నావు. ఇది సామ్యవాద లక్షణం. పాతబేరాలకి స్టీలు గ్లాసు, కొత్తవాళ్లకి కాగితం కప్పు. ఇది వర్గ వ్యవస్థ. గోడమీద తలుపులమ్మ తల్లి పటం. ఇది సంప్రదాయవాదం. ఒకే దుకాణంలో పరస్పర విరుద్ధమైన మూడు భావజాలాలు కలిపేశావు. దీన్ని కల్తీ అంటారు."

"అయ్యబాబోయ్, నా సట్నీలో కల్తీయా? సెనగ్గుళ్లు నా సేత్తో నేనే ఏపుతానండి!"

వీరభద్రం వినలేదు. చట్నీని సీసాలో పోసి, లక్క వేసి, విశ్లేషణ నిమిత్తం ఆచార్యుల వారికి పంపించాడు. పది రోజులకి జవాబొచ్చింది. "నమూనా క్షుణ్ణముగా పరీక్షింపబడినది. వాదమేదియు స్పష్టముగా తేలలేదు. అల్లము కించిత్తు అధికము. మరియొక నమూనా పంపగలరు. కుదిరినచో ఇడ్లీలతో సహా."

అదే జవాబులో ఆచార్యుల వారు ఇంకో మాట కూడా రాశారు. ఊళ్లో దుకాణాలు పుచ్చుకున్న వాదాలకి చూపూ నడతా ఉంటే ఉండవచ్చు గాని, మూడోదైన పట్టు ఉన్నదో లేదో ఎవరూ చూడలేదనీ, అందుచేత నష్టపరీక్ష జరపాలనీ. మూడోది ఎవరూ చదవరన్న నా అంచనా తప్పింది. రాసినవాడే చదివాడు.

నష్టపరీక్ష చాలా తేలిక. దుకాణదారుకి కాస్త నష్టం వచ్చే పని చెప్పాలి. వాదం వదిలేస్తాడా, పట్టుకుంటాడా చూడాలి. ముందు లోవరాజు దగ్గరికి వెళ్లి, కిస్తీ కట్టలేని వాడి దగ్గర్నుంచి నిన్న లాక్కున్న ఆటో తిరిగిచ్చెయ్యమన్నాం. "ఆ వాదం నాది కాదండి, బోర్డు రాసినోడు రాసేశాడు" అని అక్కడికక్కడే నిచ్చెన తెప్పించి చెరిపించాడు. మందుల షాపువాణ్ణి పేదవాళ్లకి రెండు సీసాల టానిక్కు ఊరికే ఇమ్మన్నాం. మానవతావాదం ఉంది గాని టానిక్కు స్టాకు లేదన్నాడు. ఆశావాది సత్తిబాబుకి రేపు డ్రైడే అని అబద్ధం చెప్పగానే గల్లాపెట్టె మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఊరంతా ఇదే వరస. పెళ్లిలో అద్దెకి తెచ్చిన నగల్లాగా ఎవడి వాదం వాడు మెడలోంచి తీసి మాకిచ్చేశాడు.

కమిషనర్ గారు ఖిన్నులయ్యారు. ఊరంతా సీలు వెయ్యడానికి లక్క చాలక, వాళ్లకి నోటీసులిచ్చి వదిలారు. మిగిలింది నూకరత్నం గారొక్కరే. అసలు వాదమే లేనివాళ్లకి నష్టపరీక్ష ఎలా పెడతారని నేను అడిగాను. ఉత్తర్వులో తారతమ్యము పాటింపబడదని ఉంది కాబట్టి పెట్టవలసిందే అన్నారు.

తెల్లవారి దుకాణం తెరిచే వేళకి మునిసిపల్ జీపు వెళ్లి సందులో ఆగింది. దిగినవాళ్లం నలుగురం. కమిషనర్ గారు, ముందురోజే వచ్చి గెస్టుహౌసులో దిగిన ఆచార్యుల వారు, వీరభద్రం, నేను. నూకరత్నం గారు అప్పుడే ముగ్గు పెట్టి, తలుపులమ్మ పటానికి దండం పెట్టుకుని, మొదటి వాయి దింపుతోంది. ఆవిరి కమ్మగా వస్తోంది. మాకెవరికీ ఇంకా కాఫీ కూడా పడలేదు.

"నాలుగు ప్లేట్లు ఇడ్లీ" అన్నారు కమిషనర్ గారు బల్ల ముందు కూర్చుంటూ.

ఆమె చేతులు తుడుచుకుని వచ్చింది. "ఇంకా బోణీ అవలేదండి. డబ్బులిప్పించండి, ఏడేడిగా పెడతాను."

కమిషనర్ గారు జేబు తడుముకోలేదు. ఆయనకి ఆ అలవాటు లేదు. వీరభద్రం వైపు చూశారు. వీరభద్రం సర్వీసులో చేరినప్పటినుంచీ హోటలుకి వెళ్లేటప్పుడు పర్సు తీసుకెళ్లి ఎరగడు. ఆచార్యుల వారు అతిథి. ఇంక నేను. నేను జేబులో చెయ్యి పెట్టాను. ఆచార్యుల వారు చటుక్కున నా చెయ్యి పట్టుకుని, "ఆగుము! పరీక్ష భగ్నమగును" అన్నారు.

"ఆఫీసు లెక్కలో రాసుకో" అన్నాడు వీరభద్రం.

"రాసుకోను బాబూ. బోణీ బేరం అప్పెట్టకూడదండి. ఎవరో ఒకరొచ్చి బోణీ సేసేదాకా కూకోండి."

కూర్చున్నాం. ఎవరూ రాలేదు. మునిసిపల్ జీపు ఆగిన సందులోకి మా ఊళ్లో ఈగ కూడా రాదు. రిక్షావాళ్లు సందు మొగలో నిలబడి తొంగిచూసి వెనక్కి మళ్లిపోయారు. మొదటి వాయి చల్లారిపోయింది. ఆమె రెండో వాయి పెట్టింది. అదీ చల్లారుతోంది. అప్పలకొండ నడుం పట్టుకుని లోపల్నుంచి వచ్చి, "పెట్టెయ్యే, పెద్ద ఆఫీసరుగోరు" అన్నాడు. ఆమె మొగుడి వైపు చూసిన చూపుకి అతను నడుంనొప్పి లేనివాడిలా చకచకా లోపలికి వెళ్లిపోయాడు.

కమిషనర్ గారి కడుపు శబ్దం చేసింది. "నీ హోటలు ఇప్పుడే సీలు వేయించగలను. తెలుసునా?"

"తెలుసండి."

"ఒక్క ప్లేటు ఇడ్లీ కోసం బతుకుతెరువు పోగొట్టుకుంటావా?"

ఆమె చల్లారిన వాయి కేసి చూసింది. "మీ ఆఫీసోళ్లకి నేను ఊరికే ఎన్నిసార్లు పెట్టలేదండి? బోణీ అయినాక అడగండి, ఒద్దన్నా పెడతాను. ముందు మాత్రం పెట్టనండి. మాయత్త పెట్టలేదు, నేనూ పెట్టను."

"ఎందుకని?"

"ఎందుకేటండి? బోణీ అండి అది."

ఆచార్యుల వారు లేచి నిలబడ్డారు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఆకలివో ఆనందానివో నేను చెప్పలేను. "చూపు కలదు! నడత కలదు! నష్టము కనులయెదుట చల్లారుచున్నను విడువని పట్టు కలదు! కమిషనర్ గారూ, ఇంత శుద్ధమైన భావజాలమును నా సర్వీసులో నేను చూచి ఉండలేదు. దీనికి బోణీవాదమని పేరు పెట్టుచున్నాను" అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఊళ్లో అసలైన భావజాలం ఉన్నది ఈవిడకొక్కర్తికే అని తేలిపోయింది, ఇంక సీలు తప్పిందనుకున్నాను. వీరభద్రం జాబితా తీసి పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ చదివాడు.

"సార్, బోణీవాదం ఇందులో లేదు."

కమిషనర్ గారు జాబితా తీసుకుని తనూ చూశారు. లేదు. ఆయన ముఖం గంభీరంగా మారింది. "భావజాలం లేకపోవడం తప్పు. నోటీసు ఇచ్చి ఊరుకోవచ్చు. ఆమోదం పొందని భావజాలం ఉండటం అంతకన్నా పెద్ద తప్పు. దాన్ని ఇన్నాళ్లూ మన ఆఫీసు వెనకే రహస్యంగా ఆచరించింది" అన్నారు.

పొద్దు బాగా ఎక్కకముందే సీలు పడింది. రుబ్బి పెట్టుకున్న పిండి లోపలే ఉండిపోయింది. అది తీసుకోనివ్వండని ఆమె బతిమాలింది. సాక్ష్యం కదపడానికి వీల్లేదన్నాడు వీరభద్రం. రెండు రోజులకి పిండి పులిసి, పొంగి, తలుపు కిందనుంచి సందులోకి వచ్చింది. దాన్ని నిరసన ప్రదర్శనగా రిపోర్టులో రాశారు. ఆమె మెట్టు మీద కూర్చుని ఆ పిండి కేసి చూస్తూ ఉంటే నాకు కడుపు మండిపోయింది. మంటలో కొంత ఆకలి కూడా ఉందనుకోండి, ఊళ్లో ఇంకెక్కడా ఆ ఇడ్లీ దొరకదు.

కమిషనర్ గారు అంతటితో ఆగుతారా? ఒకచోట కనిపించిన రోగం ఊరంతా ఉండవచ్చని అనుమానించారు. విచారించగా, ఊళ్లో ప్రతి దుకాణదారూ రహస్య బోణీవాది అని తేలింది. వెంటనే ఇంకో ఉత్తర్వు. "ప్రతి దుకాణదారుడు బోణీవాదమును విసర్జించినట్లు రుజువుగా, ప్రతిదినము తొలి బేరమును పురపాలక ఉద్యోగి ఒకరికి అప్పుగా ఇవ్వవలెను."

మా ఊరి వర్తకుల్ని అందాకా నేను తక్కువ అంచనా వేశాను. పుచ్చుకున్న వాదాన్ని అడగ్గానే వదిలేసినవాళ్లు, ఈ మాటకి మాత్రం చెట్లలా నిలబడిపోయారు. లోవరాజు స్వయంగా ఆఫీసుకొచ్చాడు. "వాదాలెన్ని కావాలంటే అన్ని మారుత్తానండి. గాంధీ టోపీ పెట్టుకోమన్నా పెట్టుకుంటాను. బోణీ జోలికి మాత్రం రాకండి" అన్నాడు. మర్నాడు బజారు తెరుచుకోలేదు. పాలు లేవు, కూరలు లేవు, సత్తిబాబు షాపు లేదు. మూడోది కౌన్సిలర్లని బాగా కలవరపెట్టింది. అత్యవసర సమావేశం పెట్టి, బోణీవాదాన్ని జాబితాలో చేర్చాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. కొత్తరేవు కౌన్సిల్లో ఏకగ్రీవం అదే మొదలు.

నూకరత్నం గారి హోటలుకి సీలు తీశారు. తీయడమే కాదు, రిబ్బను కట్టారు. సన్నాయి పెట్టారు. ఆమోదిత భావజాలం గల ప్రథమ దుకాణమని పటం కట్టించి, కమిషనర్ గారే స్వహస్తాలతో తలుపులమ్మ పటం పక్కన మేకు కొట్టి తగిలించారు. ఆమె ముందురోజంతా హోటలు కడుక్కుంది, మినపపిండి రుబ్బుకుంది, కొత్త చీర కట్టుకుంది. ఆ పొద్దున్న ఆమె ముఖం చూస్తే నాకే పండగలా అనిపించింది. మొదటి వాయి దింపి, బల్ల తుడిచి నిలబడింది.

అప్పుడు వీరభద్రం ముందుకొచ్చి, జేబులోంచి గులాబీ రంగు చీటీ ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదేటండి?"

"బోణీ. గుర్తింపు పొందిన భావజాలాన్ని ఎవరుపడితే వాళ్లు నడపకూడదు కదా. ఇకనుంచి ఊళ్లో అన్ని దుకాణాలకీ బోణీ చేసే అధికారిని నేనే. నా చేతిమీదుగా కాకుండా బోణీ చేస్తే చెల్లదు."

"మరి డబ్బులండి?"

"ట్రెజరీ నుంచి వస్తాయి."

"ఎప్పుడండి?"

"నిధుల లభ్యతకి లోబడి."

"అంటే అప్పాండి?"

కమిషనర్ గారు చిరునవ్వు నవ్వారు. "అప్పు కాదమ్మా. విధానం."

ఆమె ఆ చీటీని ఇటూ అటూ తిప్పి చూసింది. వీరభద్రం అప్పటికే ప్లేటు అందుకుంటున్నాడు. ఆమె ప్లేటు వెనక్కి తీసుకుంది. గోడమీద కొత్త పటం తీసి, చీటీ దాని మీద పెట్టి, రెండూ కలిపి కమిషనర్ గారి చేతికిచ్చింది. "సెల్లుకి సెల్లండి" అంది. తర్వాత చెంబుతో నీళ్లు తెచ్చి పొయ్యిలో పోసింది. పొగ లేచి సన్నాయివాళ్లు దగ్గుతూ బయటికి పరిగెత్తారు.

"ఏమిటమ్మా ఇది? నీ భావజాలాన్ని గుర్తించాం కదా. ఇంకేం కావాలి?" అన్నారు కమిషనర్ గారు. నిజంగానే అర్థం కాక అడిగారు పాపం.

"ఆ రోజు మీరు మూయించారండి. ఈయాల నేనే మూసేత్తన్నాను" అంది. ఏడుస్తోంది, గిన్నెలు సర్దుకుంటోంది, రెండూ ఒకేసారి.

మా ఊరి చివర కాలవ ఉంది. దాని మీద వంతెన దాటితే పాతరేవు పంచాయతీ. వాళ్లకి రోడ్డు లేదు, లైట్లు లేవు, ఏ శిక్షణకీ ఎవరూ పిలవరు. నూకరత్నం గారు వంతెన దిగగానే నాలుగు తాటాకులు వేయించి పొయ్యి పెట్టింది. పాత బేరాల్లో సగమే అక్కడిదాకా నడిచి వస్తున్నాయి. కూతురి పరీక్ష ఫీజుకని చెవుల దుద్దులు తీసింది. మరిది చేత మాత్రం నీళ్లు మోయిస్తోంది, అంతవరకూ మేలు జరిగింది.

కొత్తరేవు ఇప్పుడు నూటికి నూరుపాళ్లూ భావజాలం గల పట్టణం. పైనుంచి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. వీరభద్రం తెల్లారకముందే గులాబీ చీటీల కట్టతో బయల్దేరతాడు. దుకాణాలవాళ్లు ఇంట్లోనే పెళ్లాం చేతో, బామ్మ చేతో దొంగతనంగా అసలు బోణీ చేయించుకుని, తర్వాత వచ్చి ఆయన ముందు షట్టర్లు ఎత్తుతారు. చేయించుకునే వాళ్లకీ తెలుసు, ఆయనకీ తెలుసు. నా రిజిస్టరులో అందరూ ఆమోదిత బోణీవాదులే.

కిందటి వారం నేను పొద్దున్నే వంతెన దాటి వెళ్లాను. నాకన్నా ముందు కమిషనర్ గారి డ్రైవరు క్యారియర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. జీపు వంతెనకి ఇవతలే ఆపేశాడు, అవతల మాకు అధికారం లేదు కదా. ముడుచుకుపోయి, నేల చూపులు చూస్తూ నోటు ఒకటి చాచాడు. "సారు తన జేబులోంచి ఇచ్చారమ్మా. బోణీ అవకపోతే ముందు డబ్బులు ఇమ్మన్నారు" అన్నాడు.

పొయ్యి ముందు కూర్చున్న నూకరత్నం గారు తలెత్తి, ఆ నోటు వైపు చూసింది. ఈ మనిషి ఆమె హోటలు మూయించాడు. పిండిని వీధిపాలు చేశాడు. దుద్దులు తీయించాడు. ఇప్పుడు ఆ నోటు మొహాన కొడుతుందని నేను ఎదురుచూశాను. కొట్టాలని కోరుకున్నాను కూడా.

ఆమె చేతులు కడుక్కుని వచ్చి, నోటు రెండు చేతులా పుచ్చుకుంది. కళ్లకద్దుకుంది. డబ్బాలో వేసి, మొదటి వాయి ఇడ్లీలు వేడివేడిగా క్యారియర్లో సర్ది, చట్నీ ఎక్కువే పోసింది.

నేను తెల్లబోయి చూస్తుంటే నావైపు తిరిగింది.

"అలా సూత్తారేటండి శివరావుగారూ? బోణీ అండి అది. రండి, కూకోండి."